తోడు వచ్చినవారు: పశ్చిమ చిత్తూరు ప్రాంతం, బెంగళూరు వయోజన మనోవైద్య విభాగం – చారిత్రక పరిశీలన

వ్యాస సంగ్రహం:

మదనపల్లె, పుంగనూరు, పెద్దపంజాణి, కుప్పం ప్రాంతాలకు పరిపాలన ఒక దిక్కున, మానసిక వైద్యం మరొక దిక్కున ఉంటూ వచ్చాయి. రాష్ట్ర ప్రభుత్వపు మానసిక వైద్యశాలలు విశాఖపట్టణంలోనూ హైదరాబాదులోనూ ఉండగా, ఈ ప్రాంతానికి దగ్గరగా ఉన్నవి బెంగళూరు, వేలూరు, తరువాతి కాలంలో తిరుపతి. వీటిలో బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య, నాడీ విజ్ఞాన సంస్థ (నిమ్హాన్స్) వయోజన మనోవైద్య విభాగం ఏ చారిత్రక మార్గంలో రూపొందిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. రోగిని కుటుంబం నుంచి వేరుచేసే శరణాలయ పద్ధతి పోయి, కుటుంబసభ్యుని తోడుగా ఉంచుకొనే పద్ధతి రావడమే ఈ చరిత్రలో కీలకమైన మలుపు అని ప్రతిపాదిస్తుంది. ఆ మలుపు వలన కలిగిన మేలునూ, కుటుంబంపై పడిన భారాన్నీ, తోడు లేనివారి స్థితినీ చర్చిస్తుంది.

కీలకపదాలు: మనోవైద్య చరిత్ర, నిమ్హాన్స్, కుటుంబ వార్డు, పశ్చిమ చిత్తూరు, ఆరోగ్యవరం, సంరక్షణ భారం, మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం.

1. ఉపోద్ఘాతం:

ఆసుపత్రుల చరిత్రను సాధారణంగా భవనాల శంకుస్థాపనలతోనూ, అధిపతుల పేర్లతోనూ, కొత్త మందుల రాకతోనూ రాయడం పరిపాటి. మానసిక వైద్యశాలల విషయంలో ఈ పద్ధతి చాలదు. జ్వరంతోనో గాయంతోనో ఉన్న మనిషి తన బాధను తానే చెప్పుకోగలడు. తీవ్రమైన మానసిక రుగ్మతకు లోనైన మనిషి, ముఖ్యంగా తనకు రుగ్మత ఉన్నదన్న ఎరుక లోపించిన దశలో, తనంతట తాను ఆసుపత్రికి రావడం అరుదు. తల్లియో, తండ్రియో, భార్యయో, భర్తయో, అన్నదమ్ములో వెంటబెట్టుకొని రావాలి. ఆ వచ్చినవారిని ఆసుపత్రి ఎక్కడ నిలబెట్టింది, వారి మాటకు ఎంత విలువ ఇచ్చింది, వారిపై ఎంత పని మోపింది అన్న ప్రశ్నలకు సమాధానాలు చెబితే తప్ప మానసిక వైద్య చరిత్ర పూర్తికాదు.

పశ్చిమ చిత్తూరు ప్రాంతం ఈ పరిశీలనకు అనువైనది. ఇక్కడ తీవ్రమైన మానసిక రుగ్మతకు సంస్థాగత వైద్యం చిరకాలం పాటు ప్రయాణంతోనే ముడిపడి ఉంది. ప్రయాణమంటే తోడు తప్పదు. ఆ తోడు వచ్చినవారి దృష్టి నుంచి బెంగళూరు విభాగపు చరిత్రను చూడటం ఈ వ్యాసం ఉద్దేశ్యం.

2. పాలనా సరిహద్దులు – వైద్యపు దారులు:

చిత్తూరు జిల్లా 1911 ఏప్రిల్ 1న ఏర్పడింది. మదనపల్లె, వాయల్పాడు తాలూకాలు కడప జిల్లా నుంచి వచ్చాయి. చిత్తూరు, పలమనేరు తాలూకాలు, పుంగనూరు జమీందారీ ఉత్తర ఆర్కాటు జిల్లా నుంచి వచ్చాయి. పుంగనూరుకూ పలమనేరుకూ మధ్యనున్న పెద్దపంజాణి వంటి గ్రామాలకు పడమటి దిక్కున మైసూరు సంస్థానం, దక్షిణాన తమిళదేశం సమీపంలోనే ఉండేవి. పలమనేరు నుంచి ముళబాగిలు, కోలారు మీదుగా బెంగళూరుకు పోయే రహదారి, జోలార్‌పేట నుంచి కుప్పం మీదుగా బెంగళూరుకు 1864లో వచ్చిన రైలుమార్గం ఈ ప్రాంతపు రాకపోకలను పడమటికి మళ్ళించాయి. కోలారు బంగారు గనుల్లో కూలికి పోయిన చిత్తూరు జిల్లా కుటుంబాలకు ఆ దారి పరిచితమే.

ప్రభుత్వ వ్యవస్థ మాత్రం వేరొక దిక్కు చూపింది. మద్రాసు ప్రెసిడెన్సీలో మానసిక రోగుల కోసం మూడు ప్రభుత్వ శరణాలయాలు ఉండేవి. మద్రాసులోని కీల్పాక్‌లో 1871లో ప్రారంభమైనది వాటిలో పెద్దది. మిగిలినవి విశాఖపట్టణం సమీపంలోని వాల్తేరులోనూ, మలబారులోని కాలికట్‌లోనూ ఉండేవి. చిత్తూరు జిల్లావారికి సమీపమైనది మద్రాసు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడటంతో మద్రాసు పరరాష్ట్రమైంది. ఆ రాష్ట్రానికి మిగిలిన మానసిక వైద్యశాల వాల్తేరుది. 1956లో ఆంధ్రప్రదేశ్ అవతరణతో హైదరాబాదు ఎర్రగడ్డలోని వైద్యశాల దానికి తోడైంది. కుప్పం నుంచి విశాఖపట్టణం 800 కిలోమీటర్లకు పైబడిన దూరం. బెంగళూరు సుమారు 100 కిలోమీటర్లు. వేలూరు కూడా పలమనేరు నుంచి సుమారు 80 కిలోమీటర్లే. మానసిక రుగ్మతతో ఉద్రిక్తుడైన మనిషిని రెండు రాత్రుల ప్రయాణానికి సిద్ధం చేయడమా, తెల్లవారి బస్సెక్కి మధ్యాహ్నానికి చేరడమా అన్న ప్రశ్నకు కుటుంబాల సమాధానం ఏ దిక్కున ఉంటుందో ఊహించడం కష్టం కాదు.

1960లో తిరుపతిలో శ్రీవేంకటేశ్వర వైద్య కళాశాల ఏర్పడింది. దానికి అనుబంధమైన రుయా ఆసుపత్రి ద్వారా జిల్లాలోనే బోధనాసుపత్రి వైద్యం అందుబాటులోకి వచ్చింది. 21వ శతాబ్దం ఆరంభంలో కుప్పంలో పి.ఇ.ఎస్. వైద్య కళాశాల వెలసింది. ఈ రెండింటి రాకతో సరిహద్దు లోపల వైద్యపు దారులు ఏర్పడ్డాయి. అంతకుముందే ఏర్పడిన పడమటి దారి ప్రాధాన్యం మాత్రం తగ్గిపోలేదు.

3. శరణాలయం: వేరుచేయడమే చికిత్స:

1858 నాటి శరణాలయాల చట్టం, దాని స్థానంలో వచ్చిన 1912 నాటి ఇండియన్ లూనసీ చట్టం బ్రిటిషు ఇండియాలో మానసిక రోగుల ప్రవేశాన్ని ప్రధానంగా న్యాయాధికారి చేతిలో పెట్టాయి. వైద్యుల ధ్రువపత్రాలపై మేజిస్ట్రేటు స్వీకరణ ఉత్తర్వు జారీ చేయాలి. వీధుల్లో తిరుగుతున్నవారిని పోలీసులు మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. తనంతట తాను చేరే అవకాశాన్ని 1912 చట్టం కల్పించినప్పటికీ, ప్రవేశద్వారం ఆసుపత్రిది కన్నా కచేరీదిగానే ఉండేది. ఈ ఏర్పాటులో బంధువు స్థానం దరఖాస్తుదారుది. అర్జీ ఇచ్చి, రోగిని అప్పగించి, ఇంటికి తిరిగిరావడంతో అతని పాత్ర ముగిసేది. గోడకు అవతల ఏమి జరుగుతున్నదో తెలిసే వీలు తక్కువ.

మైసూరు సంస్థానంలోని బెంగళూరులో 1847లో వైద్యుడు చార్లెస్ ఇర్వింగ్ స్మిత్ ఆధ్వర్యంలో మానసిక రోగుల శరణాలయం ఏర్పడింది. 1925లో దాని పేరు మానసిక వైద్యశాలగా మారింది. ఫ్రాంక్ నరోన్హా పర్యవేక్షణలో రూపుదిద్దుకొన్న కొత్త ప్రాంగణానికి 1937లో ఆ వైద్యశాల తరలింది. శరణాలయం అన్న మాట పోయి ఆసుపత్రి అన్న మాట రావడం ఆశయంలో వచ్చిన మార్పును సూచిస్తుంది. ఆచరణలో మార్పు రావడానికి మరికొంత కాలం పట్టింది.

స్వాతంత్ర్యానికి ముందరి స్థితిని 1946 నాటి భోర్ కమిటీ నివేదిక తేటతెల్లం చేసింది. ఇంగ్లండులో సుమారు 300 మంది జనాభాకు ఒక మానసిక వైద్యశాల పడక ఉండగా, ఇండియాలో సుమారు 40,000 మందికి ఒకటి ఉన్నట్లు ఆ కమిటీ పేర్కొంది. ఉన్న వైద్యశాలల్లోని అధ్వాన స్థితిని ఆ కమిటీ కోసం మూర్ టేలర్ వివరించాడు. శిక్షణ పొందిన వైద్యులు లేకుండా పడకలు పెంచినందువల్ల ఫలం లేదన్న అవగాహనతో కమిటీ శిక్షణసంస్థల ఏర్పాటును సిఫారసు చేసింది. దాని ఫలితమే బెంగళూరు మానసిక వైద్యశాల ప్రాంగణంలో 1954లో ఏర్పడిన అఖిల భారత మానసిక ఆరోగ్య సంస్థ. ఎం.వి. గోవిందస్వామి దానికి తొలి డైరెక్టరు. 1955 నుంచి మనోవైద్యంలోనూ, వైద్య మనస్తత్వశాస్త్రంలోనూ డిప్లొమా కోర్సులు అక్కడ మొదలయ్యాయి. 1974 డిసెంబరు 27న వైద్యశాల, శిక్షణసంస్థ విలీనమై నిమ్హాన్స్ ఏర్పడింది. 1994లో డీమ్డ్ విశ్వవిద్యాలయ హోదా, 2012లో పార్లమెంటు చట్టం ద్వారా జాతీయ ప్రాముఖ్యం గల సంస్థ హోదా లభించాయి. శరణాలయంగా పుట్టిన సంస్థ విశ్వవిద్యాలయ ఆసుపత్రిగా మారిన క్రమం ఇది.

4. కుటుంబ వార్డు: గోడకు తలుపు:

శరణాలయ పద్ధతికి భారతదేశంలో వచ్చిన తొలి గట్టి సవాలు పుస్తకాల నుంచి గాక, అవసరం నుంచి పుట్టింది. 1950లలో అమృత్‌సర్ మానసిక వైద్యశాలలో విద్యాసాగర్ ప్రాంగణంలోనే డేరాలు వేయించి, రోగులతో పాటు బంధువులను కూడా ఉంచాడు. వేలూరులోని క్రైస్తవ వైద్య కళాశాల 1957లో బాగాయంలో ఏర్పరచిన మానసిక ఆరోగ్య కేంద్రం మరొక అడుగు ముందుకు వేసింది. రోగితోపాటు ఒక బంధువు ఉండటం అక్కడ చికిత్సావిధానంలో అంతర్భాగమైంది. ఈ విధానాన్ని అబ్రహాం వర్గీస్ తరువాతి కాలంలో వేలూరు ప్రయోగంగా వివరించాడు. బెంగళూరు సంస్థ కూడా కుటుంబ వార్డులను నెలకొల్పింది. ఆ వార్డుల్లోని చికిత్సపై సమీక్ష 1972లో ఇండియన్ జర్నల్ ఆఫ్ సైకియాట్రీలో వెలువడింది.

పశ్చిమ చిత్తూరు ప్రాంతానికి అందుబాటులో ఉన్న రెండు కేంద్రాలూ, అనగా వేలూరు, బెంగళూరు, ఈ విధానానికి ఆద్యుల్లో ఉండటం గమనార్హం. ఈ ప్రాంతపు కుటుంబానికి ఆధునిక మానసిక వైద్యం అప్పగించి వచ్చే చోటుగా కాక, వెంట ఉండే చోటుగా ఎదురైంది.

ఈ మార్పు వెనుక మూడు కారణాలను గుర్తించవచ్చు. మొదటిది మందులు. 1950లలో క్లోర్‌ప్రోమజిన్ రాకతో తీవ్రమైన ఉద్రేకాన్ని వారాల వ్యవధిలో అదుపు చేయడం సాధ్యమైంది. దీనికి రెండు దశాబ్దాల ముందే, 1931లో గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ సర్పగంధి వేరును ఉన్మాదంలోనూ అధిక రక్తపోటులోనూ వాడిన వైనాన్ని ప్రకటించారు. రోగం అదుపులోకి వచ్చినప్పుడు ఇంటికి పంపే అవకాశం ఏర్పడింది. ఇంటికి పంపాలంటే మందు ఇచ్చే చేయి ఇంట్లో సిద్ధంగా ఉండాలి. రెండవది సిబ్బంది కొరత. నర్సులు చాలని చోట బంధువు స్నానం చేయించి, అన్నం పెట్టి, రాత్రి కాపలా కాచాడు. మూడవది సామాజికం. కుటుంబం లోపల ఉన్నప్పుడు రోగిని కొట్టడం, కట్టివేయడం, మరచిపోవడం కష్టమవుతుంది. ఆసుపత్రిలో నెలరోజులు తోడున్న తల్లి తన కొడుకు జబ్బును శాపంగా కాక, మందుతో నడిచే జబ్బుగా చూడటం నేర్చుకొనే వీలుంది. వీటిలో ఏది ఆదర్శం, ఏది అవసరం అని విడదీయడం చరిత్రకారునికి సులభం కాదు. రెండూ కలిసే కుటుంబ వార్డును నిలిపాయి.

5. వయోజన మనోవైద్య విభాగం – పనితీరు:

వయోజన మనోవైద్యం అన్న పేరుకూ ఒక చరిత్ర ఉన్నది. శరణాలయ కాలంలో మనోవైద్యమంటే పెద్దవారి వైద్యమే. పిల్లల, కౌమారుల మనోవైద్యం, వ్యసన చికిత్స, వృద్ధుల మనోవైద్యం, ప్రసవానంతర తల్లుల వైద్యం ఒక్కొక్కటిగా ప్రత్యేక శాఖలుగా ఎదిగిన తరువాత, మిగిలిన మూలకాండానికి వయోజన మనోవైద్యమన్న పేరు స్థిరపడింది. స్కిజోఫ్రీనియా, ఉన్మాద – విషాద రుగ్మత, తీవ్రమైన కుంగుబాటు, ఆందోళన రుగ్మతలు దీని ప్రధాన పరిధి.

విభాగం యూనిట్లుగా పనిచేస్తుంది. కొత్తగా వచ్చిన రోగిని మొదట ప్రాథమికంగా పరిశీలించి, తరువాత విపులమైన చరిత్ర సేకరణకు పంపుతారు. శిక్షణలో ఉన్న వైద్యుడు గంటకు పైగా కూర్చొని వివరాలు రాసి, సీనియరు వైద్యునికి నివేదిస్తాడు. మనోవైద్యుడు, చికిత్సా మనస్తత్వశాస్త్రవేత్త, మనోవైద్య సామాజిక కార్యకర్త, నర్సు కలిసి ఒక జట్టుగా నిర్ణయాలు తీసుకోవడం ఈ సంస్థ శిక్షణా సంప్రదాయంలో ముఖ్యమైనది.

ఈ విపుల కేస్‌షీట్ పరిశోధకులకు విలువైన చారిత్రక పత్రం. దాని ఆరంభంలోనే సమాచారదాత ఎవరు, రోగితో బంధుత్వమేమి, ఎంతకాలంగా కలిసి ఉంటున్నారు, వారి మాట నమ్మదగినదా, సరిపడినంత ఉన్నదా అన్న వివరాలు నమోదవుతాయి. తరువాతనే జబ్బు ఎప్పుడు మొదలైంది, నిద్ర ఎలా ఉంది, ఆకలి ఎలా ఉంది, పనికి పోవడం ఎప్పుడు మానాడు అన్న ప్రశ్నలు. 1912 చట్టం దృష్టిలో అర్జీదారుగా మాత్రమే ఉన్న బంధువు ఇక్కడ సాక్షి అయ్యాడు.

సాక్షి భాష కూడా ఆలోచించదగినదే. పశ్చిమ చిత్తూరు నుంచి వచ్చినవారు గాలి సోకిందని, మతి చెడిందని, మనేద పట్టిందని, ఎవరో చేతబడి చేశారని చెబుతారు. అప్పటికే గుడికో దర్గాకో పోయి మొక్కుకొని, తాయెత్తు కట్టించుకొని వచ్చి ఉండవచ్చు. చౌడేపల్లె సమీపంలోని బోయకొండ గంగమ్మ వంటి క్షేత్రాలు ఈ ప్రాంతపు మొక్కుబడుల జీవితంలో భాగం. కన్నడ, తమిళ, తెలుగు మూడూ వినిపించే బెంగళూరు ఆసుపత్రిలో ఈ మాటలు ఇంగ్లీషు కేస్‌షీట్‌లోకి మారుతాయి. మనేద అన్నది కుంగుబాటుగా, గాలి అన్నది భ్రాంతిగా అనువాదం పొందే క్షణంలో కొంత అర్థం స్పష్టమవుతుంది, కొంత అర్థం జారిపోతుంది. మనేదలో దుఃఖంతోపాటు దానికి కారణమైన మనిషియో సంఘటనయో కూడా ఇమిడి ఉంటుంది. రోగనిర్ధారణ పదంలో ఆ కారణం కనిపించదు. మనోవైద్యం చదివే తెలుగు విద్యార్థులకు ఈ అనువాద సమస్య భాషాశాస్త్ర సమస్య మాత్రమే కాదు, చికిత్సకు సంబంధించిన సమస్య.

6. ఆరోగ్యవరం చూపిన పోలిక:

రోగిని ఇంటి నుంచి వేరుచేయడం, మళ్ళీ ఇంటికే చికిత్సను చేర్చడం అన్న క్రమం ఈ ప్రాంతానికి మరొక జబ్బు విషయంలో ముందే అనుభవంలోకి వచ్చింది. వివిధ క్రైస్తవ మిషన్ల ఉమ్మడి కృషితో 1912లో మదనపల్లెలో మొదలై, 1915లో సమీపంలోని ఆరోగ్యవరానికి మారిన యూనియన్ మిషన్ క్షయ శానిటోరియం దక్షిణ భారతదేశంలో పేరెన్నికగన్నది. క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ దానికి తొలి వైద్యాధిపతి. మంచి గాలి, విశ్రాంతి, పుష్టికరమైన ఆహారం, కుటుంబానికి దూరంగా నెలల తరబడి నివాసం ఆనాటి చికిత్స.

1956లో మద్రాసులో మొదలైన క్షయ రసాయన చికిత్సా కేంద్రం ఒక సూటి ప్రశ్న వేసింది. మందులు సక్రమంగా వాడితే రోగి ఇంట్లో ఉన్నా శానిటోరియంలో ఉన్నా ఫలితం ఒకటేనా? ఇంటి చికిత్స శానిటోరియం చికిత్సకు ఏమాత్రం తీసిపోదని, రోగి ఇంట్లో ఉన్నందువలన బంధువులకు అదనపు ప్రమాదం కనిపించలేదని 1959 నుంచి ప్రకటించిన ఫలితాలు నిరూపించాయి. శానిటోరియం యుగం ముగియడానికి ఆ అధ్యయనం ప్రధాన కారణాల్లో ఒకటి.

మనోవైద్యంలో ఇదే ప్రశ్నను బెంగళూరులో శైలా పాయ్, ఆర్.ఎల్. కపూర్ వేశారు. స్కిజోఫ్రీనియా రోగుల్లో కొందరిని ఆసుపత్రిలో చేర్చి, మరికొందరికి ఇంటికి వెళ్ళే నర్సు ద్వారా చికిత్స అందించి, ఆరునెలల తరువాత పోల్చి చూశారు. రోగలక్షణాల విషయంలోనూ, సామాజిక జీవనంలోనూ, కుటుంబంపై పడే భారం తగ్గడంలోనూ ఇంటి చికిత్స మెరుగైన ఫలితాలు ఇచ్చింది. ఖర్చు కూడా తక్కువైంది. 1980ల ఆరంభంలో వెలువడిన ఈ అధ్యయనాలకు క్షయ అధ్యయనానికి వచ్చినంత విధానపరమైన ఫలితం రాలేదు. క్షయ విషయంలో ఇంటింటికీ మందు చేర్చే జాతీయ కార్యక్రమం నిర్మాణమైంది. మనోవైద్యంలో ఇంటికి నర్సు రావడమన్నది ప్రయోగం దాటి దేశవ్యాప్త వ్యవస్థ కాలేదు. నర్సు చేయవలసిన పని తల్లి, భార్య, అక్క చేతుల్లోనే మిగిలిపోయింది.

7. తోడు మోసిన బరువు:

ఆ పనికి కొలత కట్టిన ఘనత కూడా పాయ్, కపూర్‌లదే. కుటుంబ భారాన్ని అంచనా వేసే ప్రశ్నావళిని వారు 1981లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ సైకియాట్రీలో ప్రకటించారు. ఆర్థిక భారం, దైనందిన కార్యకలాపాలకు ఆటంకం, విశ్రాంతి వినోదాలకు భంగం, కుటుంబ సంబంధాల్లో ఒడిదుడుకులు, ఇతర సభ్యుల శారీరక ఆరోగ్యంపై ప్రభావం, వారి మానసిక ఆరోగ్యంపై ప్రభావం అన్న ఆరు అంశాల కింద 24 ప్రశ్నలను అందులో పొందుపరిచారు. భారతీయ కుటుంబం సహజంగానే రోగిని మోస్తుందన్న స్తుతి వాక్యాన్ని పక్కన పెట్టి, మోయడానికి ఎంత ఖర్చవుతున్నదని ఆ ప్రశ్నావళి అడిగింది.

పశ్చిమ చిత్తూరు పరిస్థితికి ఈ ఆరు అంశాలను అన్వయిస్తే వాటి అర్థం మరింత స్పష్టమవుతుంది. వర్షాధారపు వేరుశెనగ సేద్యం, పాడి, టమాటా సాగు, కూలిపనులపై ఆధారపడిన కుటుంబంలో ఒకరు జబ్బుపడితే ఒక రాబడి పోతుంది. అతని వెంట మరొకరు బెంగళూరుకు పోతే రెండవ కూలి పోతుంది. నెలనెలా మందులకు పోవలసి వస్తే బస్సు ఛార్జీలు మందుల వెలను మించిపోవచ్చు. రెండు మూడు వారాలకు ఒకసారి ఇచ్చే ఇంజెక్షను రూపంలోని మందులు రోజూ మాత్ర మింగించే తగవును తగ్గించాయి గాని, ప్రయాణాన్ని తగ్గించలేదు.

దీనికి రాష్ట్ర సరిహద్దు మరొక చిక్కును కలిపింది. 1995 నాటి చట్టం మానసిక రుగ్మతను వైకల్యాల జాబితాలో చేర్చింది. దాని తీవ్రతను కొలిచే ఐడియాస్ కొలమానం 2002లో అమల్లోకి వచ్చింది. వైద్యం బెంగళూరులో జరిగినా, ఆంధ్రప్రదేశ్ పింఛనుకు కావలసిన ధ్రువపత్రం స్వరాష్ట్రంలోని సదరం శిబిరంలోనే పొందాలి. జబ్బును దగ్గరగా చూసిన వైద్యుడు ఒక రాష్ట్రంలో, దానిని ధ్రువీకరించవలసిన వైద్యుడు మరొక రాష్ట్రంలో ఉంటారు. వారిద్దరి మధ్య కాగితాలు మోసేది మళ్ళీ తోడు వచ్చిన మనిషే.

8. ఊరికి చేరువగా:

ప్రయాణభారాన్ని తగ్గించే మార్గాన్ని కూడా బెంగళూరు సంస్థయే అన్వేషించింది. 1970ల మధ్యలో నగరానికి వెలుపల సకలవారలో గ్రామీణ మానసిక ఆరోగ్య కేంద్రం ఏర్పడింది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు వైద్యునికీ, ఆరోగ్య కార్యకర్తకూ స్వల్పకాలిక శిక్షణ ఇస్తే, సాధారణ మానసిక రుగ్మతలను గుర్తించి, పరిమితమైన మందులతో చికిత్స చేయగలరని అక్కడి పని చూపింది. 1982లో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం ప్రారంభమైంది. 1980ల ద్వితీయార్ధంలో కన్నడ, తెలుగు భాషలు కలిసే బళ్ళారి జిల్లాలో ఈ నమూనాను జిల్లా మొత్తానికీ విస్తరించారు. 1996–97లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం నాలుగు జిల్లాల్లో మొదలైనప్పుడు అందులో నాటి ఆంధ్రప్రదేశ్ నుంచి మెదక్ ఉన్నది.

2015–16లో నిమ్హాన్స్ నిర్వహించిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం వయోజనుల్లో 10.6 శాతం మంది ఏదో ఒక మానసిక రుగ్మతతో ఉన్నారు. రుగ్మతను బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదు. పుంగనూరు ప్రాంతానికి పొరుగునే ఉన్న కోలారు జిల్లాలో ఆ సర్వే పద్ధతిని ముందుగా ప్రయోగించి చూశారు. సర్వేలో ఎంపికైన 12 రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ గాని కర్ణాటక గాని లేదు. పశ్చిమ చిత్తూరు గురించి నిర్దిష్టంగా మాట్లాడటానికి ఆ అంకెలు చాలవు. 2022 అక్టోబరు 10న ఆరంభమైన టెలి మానస్ సేవకు కూడా నిమ్హాన్స్ శిఖర సంస్థగా ఉన్నది. 14416 సంఖ్యకు ఫోను చేసి తెలుగులో మాట్లాడే వీలు కలగడం, సరిహద్దు దాటకుండా తొలి మాట చెప్పుకొనే అవకాశమివ్వడం వలన, ఈ ప్రాంతానికి విశేషమైనది.

9. తోడు లేనివారు – చట్టం:

తోడు ఉండటం షరతుగా మారిన చోట, తోడు లేనివారి ప్రశ్న తలెత్తుతుంది. తల్లిదండ్రులు గతించినవారు, భర్త విడిచిపెట్టిన స్త్రీలు, ఇల్లు విడిచి ఊళ్ళు తిరిగేవారు కుటుంబ వార్డు పరిధిలోకి రారు. అటువంటివారు ఏ స్థితికి చేరవచ్చునో 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో జరిగిన అగ్నిప్రమాదం చూపింది. దర్గా పరిసరాల్లోని ఒక ఆశ్రయంలో గొలుసులతో బంధింపబడి ఉన్న 28 మంది మానసిక రోగులు మరణించారు. చాలామందిని అక్కడికి తెచ్చి వదిలినది కుటుంబాలే. కుటుంబం ఆదర్శంగా ఉంటుందన్న భావనకూ, అలసిపోయిన కుటుంబం చేసే నిర్ణయానికీ మధ్యనున్న దూరం ఈ సంఘటనలో కనిపిస్తుంది.

1987 చట్టం లూనసీ చట్టాన్ని రద్దుచేసినా, ప్రవేశం, నిర్బంధం, లైసెన్సులపైనే ఎక్కువ దృష్టి పెట్టింది. 2018 మే నెలలో అమల్లోకి వచ్చిన 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం దృక్పథాన్ని మార్చింది. మానసిక వైద్యం పొందడం హక్కు అని, సమాజంలో జీవించడం హక్కు అని ప్రకటించింది. రోగి స్వయంగా నామినేట్ చేసుకొన్న ప్రతినిధి అన్న భావనను ప్రవేశపెట్టింది. ఆ ప్రతినిధి రక్తబంధువే కానక్కరలేదు. ఎవరూ లేనివారికి ప్రతినిధిని నియమించే బాధ్యతను మానసిక ఆరోగ్య సమీక్షా మండలికి అప్పగించింది.

చారిత్రకంగా చూస్తే ఇది తోడు అన్న భావనకు మూడవ రూపం. 1912లో తోడు వచ్చినవాడు అర్జీదారు. కుటుంబ వార్డులో అతడు సాక్షి, సేవకుడు. 2017 చట్టంలో అతడు రోగి ఇష్టానికి ప్రతినిధి. మొదటి రెండు రూపాల్లో కుటుంబం ఏమి కోరుతున్నదని ఆసుపత్రి అడిగింది. మూడవ రూపంలో రోగి ఏమి కోరుతున్నాడని అడగాలి. ఈ రెండు కోరికలూ ఒకటి కానప్పుడు వైద్యుడు ఎవరి పక్షం వహించాలన్నది నేటి వయోజన మనోవైద్య విభాగాలు ఎదుర్కొంటున్న కఠినమైన ప్రశ్న. రాత్రంతా మేల్కొని కొడుకును కాచి తెల్లవారి బస్సెక్కించిన తల్లికి ఈ ప్రశ్న అన్యాయంగా తోచవచ్చు. తన మాట ఎవరూ వినకుండా పలుమార్లు వార్డులో చేరిన కొడుకుకు అది ఆలస్యంగా వచ్చిన న్యాయంగా తోచవచ్చు. చరిత్ర ఇద్దరినీ చూడవలసి ఉంటుంది.

10. ముగింపు:

పశ్చిమ చిత్తూరు ప్రాంతం నుంచి చూసినప్పుడు బెంగళూరు వయోజన మనోవైద్య విభాగపు చరిత్ర నుంచి మూడు నిర్ధారణలు చేయవచ్చు. ఒకటి, ఈ ప్రాంతపు మానసిక వైద్యపు దారులను పాలనా సరిహద్దుల కన్నా రహదారులు, రైలు, భాషల కలయిక ఎక్కువగా నిర్ణయించాయి. రెండు, వేలూరు, బెంగళూరు కేంద్రాలు అనుసరించిన కుటుంబ వార్డు విధానం శరణాలయపు ఏకాంతాన్ని ఛేదించింది. అదే సమయంలో ప్రభుత్వం భరించవలసిన సంరక్షణలో పెద్ద భాగాన్ని కుటుంబానికి, అందులోనూ ఇంటి స్త్రీలకు బదిలీ చేసింది. మూడు, ఇంటి చికిత్స మేలైనదని బెంగళూరు పరిశోధనలే చూపినా, ఇంటికి వచ్చే నర్సు వ్యవస్థ ఏర్పడలేదు. ఆరోగ్యవరం శానిటోరియం అనంతరం క్షయరోగులకు లభించిన ఏర్పాటు మానసిక రోగులకు లభించలేదు.

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల కుటుంబాల మౌఖిక కథనాలను, ఆసుపత్రి పత్రాల్లోని సమాచారదాతల నమోదులను కలిపి చదివే పరిశోధనలు తెలుగులో రావలసి ఉన్నాయి. రోగుల గోప్యతను కాపాడుతూనే ఆ పని చేయవచ్చు. కేస్‌షీట్ తొలి పుటలో ఒక్క గీతగా మిగిలిపోయిన తల్లి, భార్య, అన్న ఈ వైద్యశాస్త్రాన్ని దశాబ్దాలుగా నడిపిన శ్రామికులు. వారి పనిని లెక్కలోకి తీసుకోకుండా రాసే మనోవైద్య చరిత్ర అసమగ్రం. వారి పనికి ప్రత్యామ్నాయం ఏర్పరచకుండా చేసే విధానమూ అసమగ్రమే.